తాలూకా గీత దగ్గర తెగిన మాట

2001 జనవరి 25న కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ బేసిక్ టెలిఫోన్ లైసెన్సులకు కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. పాతికేళ్ళ నాటి ఆ ఉత్తర్వును ఇప్పుడు ఎవరూ పెద్దగా తలుచుకోరు. తీగ లేకుండా ఇంటికి ఫోను ఇచ్చే డబ్ల్యూఎల్ఎల్ పద్ధతిలో, ఆ ఫోనును వెంటబెట్టుకొని తిరిగే వీలు సామాన్యుడికి దానివల్లే దొరికింది. అయితే ఒక షరతు పెట్టారు. ఆ తిరుగుడు ఒక ఎస్‌డీసీఏ దాటకూడదు. ఎస్‌డీసీఏ అంటే లోకల్ కాల్ ఎంతవరకో లెక్క తేల్చడానికి టెలిఫోన్ శాఖ గీసుకున్న పరిధి. దేశాన్ని అలాంటి 2,647 ముక్కలుగా పంచారు. చాలాచోట్ల పాత తాలూకా ఎంతో ఎస్‌డీసీఏ కూడా అంతే. నెల్లూరు జిల్లా పడమటి భాగంలో ఉదయగిరి ఒక ముక్క, ఎస్టీడీ కోడ్ 08620. ఆత్మకూరు ఇంకో ముక్క, కోడ్ 08627. ఉదయగిరిలో తీసుకున్న ఫోను ఆత్మకూరులో మోగకూడదన్నది ఆనాటి నియమం. అది మూడేళ్ళు కూడా నిలవలేదు. కానీ అది చెప్పిన నిజం ఇప్పటికీ నిలిచే ఉంది. కదిలే మనిషి మాటను ఒక టవరు నుంచి ఇంకో టవరుకు, ఒక రకం నెట్‌వర్కు నుంచి మరో రకానికి తెగకుండా అప్పగించే విద్య మనకు ఎప్పుడో పట్టుబడింది. మాట తెగేది ఎక్కువగా మనుషులు గీసిన గీతల దగ్గరే.

మాట చేతులు మారుతూ దూరం పోవడం ఈ సీమకు కొత్తేమీ కాదు. వెలిగొండల వరసలో మూడు వేల అడుగులకు పైగా ఎత్తున నిలిచిన ఉదయగిరి దుర్గాన్ని 1513లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించాడు. గజపతుల నుంచి దాన్ని గెలుచుకోవడానికి ఆయనకు ఏడాదిన్నర పట్టింది. అంతకాలం కొండ కింద దండు విడిసి ఉన్నప్పుడు రాజధానికీ ఇక్కడికీ వార్త నడవకుండా యుద్ధం సాగదు. ఆ కాలంలో వార్త ఎలా నడిచేదో ఊహించుకోవడానికి, అంతకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు ఢిల్లీ సుల్తానుల రాజ్యం చూసిన ఇబ్న్ బతూతా రాతలు సాయపడతాయి. మైలులో మూడో వంతుకు ఒకడు చొప్పున దారి పొడవునా వార్తాహరులు కాచుకొని ఉండేవారని, చేతికర్రకు కట్టిన రాగి గజ్జెల చప్పుడు వినగానే ముందున్నవాడు పరుగుకు సిద్ధమయ్యేవాడని ఆయన రాశాడు. పాతవాడు ఆగేలోపే కొత్తవాడు సిద్ధం కావాలన్న ఈ ఒక్క సూత్రం మీదే నేటి సెల్‌ఫోను కూడా నడుస్తోంది. గోల్కొండ, ఆర్కాటు, కుంపిణీ ఏలుబడుల్లో రన్నర్ల తపాలా, ఆ తర్వాత తంతి, ఆ తర్వాత టెలిఫోను తీగ వచ్చాయి. ఎవరు ఏలినా కబురు నడిచే పద్ధతి ఇంచుమించు అదే. దారి పొడవునా ఒకే యజమాని ఉన్నంతవరకు కబురు సాఫీగా పోతుంది. యజమాని మారిన చోట ఆగుతుంది.

ఇంగ్లీషు పాలన ఇక్కడ వదిలిపోయినవాటిలో అన్నిటికన్నా గట్టిగా నిలిచినది తాలూకా సరిహద్దు. శిస్తు వసూలు కోసం, కచేరీ పని కోసం గీసిన గీత అది. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మండల వ్యవస్థ తెచ్చాక రెవెన్యూ పాలనలో తాలూకా చరిత్రలో కలిసిపోయింది. టెలిఫోన్ శాఖ పటంలో మాత్రం దాని నీడ మిగిలింది. అందుకు సరైన కారణమే ఉంది. తీగల కాలంలో కాల్ ఖరీదు దూరాన్ని బట్టి ఉండేది. దూరం కొలవాలంటే ఎక్కడి నుంచి ఎక్కడికో తెలియాలి. ప్రతి ఫోనునూ ఒక కేంద్రానికి కట్టేసి, కేంద్రాల మధ్య దూరం కొలిచి బిల్లు వేశారు. గోడకు బిగించిన ఫోనుకు అది న్యాయమైన ఏర్పాటు. ఆ గీతనే మనిషి జేబులోని ఫోనుకు కూడా వర్తింపజేయడంతో చిక్కు వచ్చింది.

ఆ చిక్కు లోతు తెలియాలంటే నడుస్తున్న కాల్‌ను టవరు నుంచి టవరుకు అప్పగించే హ్యాండోవర్ అనే ఏర్పాటు ఎంత పాతదో, ఎంత పక్కాదో చూడాలి. ఒకే ఎత్తయిన టవరుతో ఊరంతటికీ సిగ్నలు ఇచ్చే బదులు, ప్రాంతాన్ని చిన్న చిన్న సెల్స్‌గా విభజించి ఒక్కోదానికి తక్కువ శక్తి గల టవరు పెట్టాలని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డి.హెచ్. రింగ్ 1947లోనే ప్రతిపాదించాడు. 1979లో జపాన్, 1983లో అమెరికా వాణిజ్యపరంగా సెల్యులార్ సేవ మొదలుపెట్టాయి. జీఎస్ఎం అనే పద్ధతి వచ్చాక ఈ అప్పగింతలో ఫోనుకు కూడా భాగం దొరికింది. కాల్ నడుస్తుండగానే అది చుట్టుపక్కల టవర్ల సిగ్నలు కొలిచి, సెకనుకు రెండుసార్లు తన టవరుకు నివేదిస్తుంది. పక్క టవరు కొంత తేడాతో బలంగా ఉందని తేలితేనే మార్పు జరుగుతుంది. ఆ కాస్త తేడా కూడా లెక్కలో భాగమే. అది లేకపోతే రెండు టవర్ల నడిమధ్య ఉన్న ఫోను అటూ ఇటూ ఊగిసలాడుతుంది. సీడీఎంఏ అనే మరో పద్ధతి ఇంకో అడుగు ముందుకు వేసింది. సరిహద్దులో ఉన్న ఫోను ఒకేసారి రెండు టవర్లతో మాట్లాడుతుంది. కొత్త టవరు పూర్తిగా అందుకున్నాకే పాతదాన్ని వదులుతుంది. సాఫ్ట్ హ్యాండాఫ్ అని పిలిచే ఈ పద్ధతి, సంభాషణ తెగకుండా కాపాడడంలో ఆ కాలానికి మేటి.

2001 నాటి ఘట్టం అసాధారణమైనది ఇందువల్లే. ఎస్‌డీసీఏ లోపలే తిరగనిచ్చే ఆ పరిమిత సంచారం కింద మన దేశంలో పరుచుకున్నది ప్రధానంగా ఈ సీడీఎంఏనే. ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్‌లో ప్రైవేటు బేసిక్ లైసెన్సు మొదట దక్కింది టాటా టెలిసర్వీసెస్‌కు. 2002 డిసెంబరు చివర రిలయన్స్ ఇన్ఫోకామ్ దేశవ్యాప్తంగా రంగంలోకి దిగింది. ప్రభుత్వ రంగంలో 2000 అక్టోబరు 1న పుట్టిన బీఎస్ఎన్ఎల్ కూడా డబ్ల్యూఎల్ఎల్ ఫోన్లు ఇచ్చింది. అప్పటికి సెల్‌ఫోను అంటే ఖరీదైన వస్తువు. వచ్చిన కాల్‌కు కూడా నిమిషాల లెక్కన డబ్బు కట్టాలి. డబ్ల్యూఎల్ఎల్ ఫోనుకు ల్యాండ్‌లైన్ ధరే, మూడు నిమిషాలకు రూ.1.20. తీగ లాగడం కష్టమైన మెట్ట ఊళ్ళకు, కొండవాలు పల్లెలకు ఇది నిజంగా వరం. ఈ పద్ధతిని తెచ్చినవాళ్ళు పల్లె కోసమే తెచ్చామన్నారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఆ పల్లె మనిషి రోజువారీ ప్రయాణం తాలూకా గీత దాటుతుంది. ఉదయగిరి వాడికి ఆత్మకూరులో, నెల్లూరులో పని ఉంటుంది. ఆత్మకూరు దగ్గరి అనుమసముద్రంపేట దర్గాకు జనం ఎన్నో తాలూకాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి వస్తారు. ఏ గాలి తరంగమూ ఆ గీతను గుర్తించదు. కాబట్టి ఎక్స్ఛేంజికే చెప్పి ఆపించాలి. పక్క టవరు అందుకోవడానికి సిద్ధంగా ఉన్నా అప్పగించకూడదని యంత్రానికి ఆజ్ఞ ఇవ్వాలి. సాఫ్ట్ హ్యాండాఫ్ కోసం పుట్టిన సాంకేతికతను, అప్పగింత నిషేధించిన నియమం కింద నడిపారు.

దీని వెనుక ఉన్న తగాదా చిన్నది కాదు. 2001లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో నాలుగో సెల్యులార్ లైసెన్సు రూ.103 కోట్లకు పోయింది. అదే సర్కిల్‌లో బేసిక్ లైసెన్సు ప్రవేశ రుసుము రూ.35 కోట్లు. మూడో వంతు డబ్బు కట్టినవాడు మొత్తం సంచార సేవ ఇస్తే మా గతేమిటని సెల్యులార్ కంపెనీలు టెలికాం వివాదాల ట్రిబ్యునల్‌కు వెళ్ళాయి. 2002 మార్చిలో అక్కడ ఓడాయి. సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరులో కేసును తిరిగి ట్రిబ్యునల్‌కే పంపింది. 2003 ఆగస్టు 8న ట్రిబ్యునల్ మెజారిటీ తీర్పు పరిమిత సంచారాన్ని సమర్థిస్తూనే, దాన్ని ఎస్‌డీసీఏ లోపలే ఉంచాలని గట్టిగా చెప్పింది. ఒకే ఫోనును అనేక ఎస్‌డీసీఏల్లో నమోదు చేసి, ఒక నంబరుకు వచ్చిన కాల్‌ను ఇంకో నంబరుకు మళ్ళించి సంచారం కల్పించే పద్ధతి అప్పటికే నడుస్తోంది. గీత దాటాలన్న కోరిక జనంలో ఎంత బలంగా ఉందో చెప్పడానికి ఆ దొడ్డిదారే సాక్ష్యం. చివరికి 2003 నవంబరు 11న ప్రభుత్వం ఏకీకృత యాక్సెస్ లైసెన్సు విధానం ప్రకటించింది. తేడా రుసుము కట్టినవాడికి పూర్తి సంచారం దక్కింది. రిలయన్స్ జరిమానాతో కలిపి రూ.1,500 కోట్లకు పైగా చెల్లించింది. టవర్లు మారలేదు, ఫోన్లు మారలేదు, కొత్త సిద్ధాంతం ఏదీ పుట్టలేదు. డబ్బు లెక్క తేలగానే తాలూకా గీత చెరిగిపోయింది.

ఆ షరతు లేకపోతే సెల్యులార్ కంపెనీలకు అన్యాయం జరిగేదనీ, చౌక ఫోను పల్లెకు వచ్చేదే కాదనీ వాదించవచ్చు. అన్యాయం సంగతి నిజమే. అయితే అది రుసుములో తేడా. దాని పరిహారం కూడా రుసుములోనే ఉండాలి. చివరికి అక్కడే దొరికింది. అంతవరకూ ఆ తగాదా మూల్యాన్ని గీత దాటిన ప్రతి మనిషీ తన తెగిన కాల్‌తో చెల్లించాడు. ఇక చౌకదనం పోటీ వల్ల, తక్కువ లైసెన్సు రుసుము వల్ల వచ్చింది. హ్యాండోవర్ ఆపినందువల్ల ఒక్క టవరు ఖర్చు కూడా తగ్గలేదు. 2003 మే నుంచి దేశమంతా ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక, షరతులు లేని సెల్‌ఫోను కూడా పల్లెకు అందుబాటులోకి రావడమే ఇందుకు రుజువు.

2003 తర్వాత ఈ చరిత్ర ఒక దారిన నడవదు. అప్పటికే ఉన్న 2జీ పక్కన 3జీ, 4జీ, 5జీ, వైఫై వచ్చి చేరి, పాతది వెంటనే పోకుండా చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. దాంతో ఒకే రకం టవర్ల మధ్య అప్పగింత చాలకుండా పోయింది. భిన్న సాంకేతికతల మధ్య అప్పగింత కావాల్సి వచ్చింది. వర్టికల్ హ్యాండాఫ్ పేరుతో దాన్ని బర్కిలీ విశ్వవిద్యాలయంలో స్టెమ్, కాట్జ్ 1998లోనే వివరించారు. ఇక్కడ సిగ్నలు బలం ఒక్కటే కొలిస్తే సరిపోదు. ఇంట్లో వైఫై బలంగా ఉన్నా దాని వెనుక ఇంటర్నెట్ చచ్చుబడి ఉండవచ్చు. వేగం, ఖర్చు, బ్యాటరీ, ప్రయాణ వేగం అన్నీ చూసుకోవాలి. పైగా నెట్‌వర్కు మారితే ఫోను ఇంటర్నెట్ చిరునామా మారుతుంది. ఆ చిక్కు కోసం 1996లోనే మొబైల్ ఐపీ ప్రమాణం వచ్చింది. ఏ నెట్‌వర్కు నుంచైనా ఏ నెట్‌వర్కుకైనా మారడానికి ఉమ్మడి భాషగా 802.21 ప్రమాణం 2009లో వెలువడింది. దాన్ని వాడినవాళ్ళు తక్కువ. వ్యవహారంలో నిలిచినది వేరే మార్గం. వైఫై అయినా 4జీ అయినా కాల్‌ను ఒకే కంపెనీ కేంద్ర యంత్రాంగానికి కట్టి ఉంచి, కింద దారి మాత్రమే మార్చడం అది. మన దగ్గర 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో మొదలుపెట్టిన వైఫై కాలింగ్ ఇలాగే పనిచేస్తుంది. ఇంట్లో వైఫై మీద మొదలైన మాట వీధిలోకి వచ్చేసరికి అదే కంపెనీ 4జీ టవరుకు మారుతుంది. అదే కంపెనీ టవరు వీధిలో లేకపోతే, పక్కనే ఇంకో కంపెనీ టవరు బలంగా నిలబడి ఉన్నా, మాట తెగుతుంది.

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయే బస్సులో నలుగురి చేతుల్లో నాలుగు కంపెనీల ఫోన్లు ఉంటే, సిగ్నలు పలచబడిన చోట నాలుగూ నాలుగు రకాలుగా ప్రవర్తించవచ్చు. వెనుక 2జీ ఉన్న కంపెనీ ఫోను కాల్‌ను దాని మీదకు దించుకుంటుంది. 2016 సెప్టెంబరు 5న కేవలం 4జీతో మొదలైన జియోకు దిగడానికి 2జీ మెట్టు లేదు. ఇంకోదానికి అసలు ముందు టవరే ఉండకపోవచ్చు. కొండలు అడ్డొస్తే గాలి తరంగాన్ని ఎవరూ ఒప్పించలేరు కదా, తప్పు గీతలది ఎలా అవుతుందని అడగవచ్చు. వెలిగొండ నీడలో కొన్ని చోట్ల ఎవరి సిగ్నలూ లేదన్న మాట వాస్తవం. అక్కడికి టవరు రావాలి, మరో మందు లేదు. కానీ ఒకరి టవరు ఉండి ఇంకొకరిది లేని చోట అడ్డం కొండ కాదు, లైసెన్సు. దీనికి రుజువు కూడా దొరికింది. 2025 జనవరిలో ప్రభుత్వ డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో చందాదారులందరూ వాడుకునే ఏర్పాటు మొదలైంది. దాదాపు 27 వేల టవర్లు, 35,400కు పైగా గ్రామాల లెక్క అది. యంత్రం అదే, గాలి అదే. మారినది అనుమతి ఒక్కటే.

ఇలా పంచితే ముందుగా పెట్టుబడి పెట్టి టవరు కట్టినవాడు నష్టపోతాడన్న అభ్యంతరం బరువైనదే. దానికి జవాబు మన టెలికాం చరిత్రలోనే ఉంది. ఒకరి నెట్‌వర్కులో పుట్టిన కాల్ ఇంకొకరి నెట్‌వర్కులో ముగిస్తే ఎంత ఇవ్వాలో నియంత్రణ సంస్థ ఏళ్ళ తరబడి పైసల్లో నిర్ణయించింది. 2011 జనవరి నుంచి నంబరునే కంపెనీల మధ్య చేతులు మార్చింది. వాడిన టవరుకు అద్దె నిర్ణయించడం వీటికన్నా కష్టం కాదు. అయితే కొత్తగా చేయాల్సినవి రెండు ఉన్నాయి. పంచుకున్న టవరు దగ్గర కొత్త కాల్ మొదలుపెట్టుకునే వీలుతో సరిపెట్టకుండా, నడుస్తున్న కాల్‌ను కూడా కంపెనీ దాటించి అప్పగించేలా నియమం ఉండాలి. రెండోది కొలత. రాష్ట్రం విడిపోయి పదేళ్ళు దాటినా, టెలికాం పటంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి నేటికీ ఒకే సర్కిల్. హైదరాబాద్ కాల్సూ, ఉదయగిరి కాల్సూ ఒకే సగటులో కలిస్తే మెట్ట ప్రాంతపు తెగిన మాటలు లెక్కలోంచి మాయమవుతాయి. ఒకప్పుడు సంచారాన్ని కట్టేయడానికి వాడిన తాలూకా పరిధిని ఇప్పుడు సేవ కొలవడానికి వాడాలి. ఉదయగిరిలో ఎన్ని కాల్స్ తెగాయి, ఆత్మకూరులో ఎన్ని తెగాయి అని విడివిడిగా ప్రకటించాల్సి వస్తే, తెగిన చోటు ఏ కంపెనీకీ దాచుకునే వీలుండదు. 2003లో డబ్బు లెక్క తేలితే గీత చెరిగింది. ఈసారి ఆ లెక్క తేల్చే భారం జనం మీద పడకముందే ప్రభుత్వం తేల్చాలి.