చేట, బొంత, కాగితపు బుట్ట: మెట్టసీమ ఇంటి చేతిపనుల చరిత్ర

మదనపల్లె పేరు చెప్పగానే పెక్కుమందికి జ్ఞప్తికి వచ్చునది 1919వ సంవత్సరము. ఆ యేడు ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి ‘జనగణమన’ గీతమును తామే ఆంగ్లములోనికి అనువదించిరి. కళాశాలాధ్యక్షుని భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరము వ్రాసి భద్రపరచిరి. ఇది అందరు నెరిగినదే. కాని ఆ మార్గరెట్ కజిన్సే అంతకు పూర్వము అదే ఊరిలో ఇల్లాండ్రను కూడగట్టి ‘అబలాభివర్ధినీ సమాజము’ అను కూటమిని నడపిన సంగతి ఎరిగినవారు తక్కువ. పాటకు చరిత్రలో పెద్దపీట దొరకినది. ఇల్లాండ్ర కూటమికి ఒక మూల మాత్రమే దొరకినది. ఇక ఆ ఇల్లాండ్ర చేతులలోని సూదికి, చేటకు, బుట్టకు చరిత్ర ఎక్కడిది? మేము నేడు ముచ్చటింపదలచినది ఆ వ్రాయబడని చరిత్రను గూర్చియే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము మైసూరు పీఠభూమి అంచున నున్న మెట్టసీమలోని ఊళ్లు. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లానుండి వచ్చి అందు చేరినది. పుంగనూరు జమీందారీయు, కంగుంది జమీనులోని కుప్పము ప్రాంతమును అందే కలిసినవి. ఇచ్చట పెద్ద నదులు లేవు. చెరువు నిండిన యేడు పంట, నిండని యేడు పస్తు. 1876-78 సంవత్సరములలో మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామము ఈ మెట్టభూములను విడిచిపెట్టలేదు. అట్టి నేలపై కాపురము చేయు ఇల్లాలికి పొదుపు అనునది ఒక సుగుణము మాత్రమే కాదు, ప్రాణరక్షణ. ఈ సీమ చేతిపనులన్నిటికిని మూలము ఇదియే.

కుప్పము సంతలో తెలుగు, కన్నడము, తమిళము మూడును వినబడును. మనము చేట అనుదానిని కన్నడిగులు ‘మొర’ అందురు, తమిళులు ‘మురం’ అందురు. పేరు మారినను చెరుగుట ఒక్కటియే. చేతిపనికి ఎల్లలు లేవనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

మొదట ధాన్యము దాచుటను చూతము. రాగులకు పురుగు త్వరగా పట్టదు. అందుచే పొడినేలలో పాతర త్రవ్వి, అడుగున, ప్రక్కల గడ్డి పరచి, రాగులు పోసి, పైన మట్టి కప్పి యేండ్ల తరబడి దాచెడివారు. పాతర తెరచిన వెంటనే లోనికి దిగరాదు. మొదట దీపము దింపి చూడవలెను. దీపము నిలిచి వెలిగిననే మనిషి దిగవలెను. మూతపడిన గోతిలో ప్రాణవాయువు తరిగి విషవాయువు నిలుచునని నేటి శాస్త్రము చెప్పును. ఆ మాట ఎరుగకయే పెద్దలు దీపముచేత దానిని పరీక్షించిరి. కందులకు ఎర్రమన్ను నీటితో కలిపి పట్టించి ఎండబెట్టుట మరియొక ఉపాయము. పప్పుగింజలలో బూడిద కలిపి ఉంచుదురు. మెత్తని బూడిద గింజల సందులను పూడ్చి పురుగు తిరుగుటకు అడ్డుపడును, దాని ఒంటి తేమను లాగివేయును. వెదురుతో అల్లిన గాదెకు పేడయు మట్టియు కలిపి మెత్తినచో గాలికి, ఎలుకకు కూడ కొంత అడ్డు. ఇందు దుడ్డు పెట్టి కొన్నది ఏమియు లేదు.

బట్టల సంగతి ఇంకను ముచ్చటైనది. నూలుచీర కట్టి కట్టి పలుచబడినపిమ్మట దానిని పారవేయరు. పాతచీరలను పొరమీద పొరగా పరచి, నలువైపుల అంచులు మడచి, అంచునుండి నడిమికి వరుసగా దూరపుకుట్టు వేసికొనుచు వత్తురు. అది బొంత. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారు చెరియొక ప్రక్క కూర్చుండి కుట్టుదురు. సూదితోపాటు ఊరి కబుర్లును సాగును. బాలింతకు మెత్తని బొంత, పెద్దలకు మందపు బొంత. అది చిరిగినపిమ్మట ఒక ముక్క కుండ దింపు మసిగుడ్డ యగును, మరియొకటి నేల అలుకు పేలిక యగును. చీర పుట్టినది మొదలు పేలిక యగువరకు ఆ నూలు ఎన్ని కొలువులు చేసినదో లెక్కింపుడు. రాజుల కత్తులు సంగ్రహాలయములలో నున్నవి. బొంత మాత్రము లేదు. అది పూర్తిగా వాడబడి ముగిసిపోయినది. చరిత్రకారునకు ఆనవాలు మిగులలేదనిన, ఆ వస్తువు తన పనిని తుదివరకు చేసినదని అర్థము.

కిత్తనారతో పేనిన త్రాళ్లు, పాలకుండ వ్రేలాడు ఉట్టి, కుండ దొరలకుండ క్రింద నుంచు కుదురు, ఈతాకు చాప, చీపురు, మోదుగాకులను పుల్లలతో కుట్టిన విస్తరి — ఇవన్నియు ఇట్టివే. పెండ్లి ముందు నెలంతయు ఆడువారు కూర్చుండి విస్తళ్లు కుట్టి ఎండబెట్టుట చాలయిండ్ల వాడుక.

పైనుండి వచ్చిన వస్తువులను గూడ ఈ ఇండ్లు తమవిగా చేసికొన్నవి. 1864లో జోలారుపేట నుండి బెంగుళూరునకు రైలుమార్గము తెరవబడినది. కుప్పము ఆ దారిలోనిది. పిమ్మటి కాలమున కిరసనాయిలు నాలుగు గ్యాలన్ల చదరపు రేకుడబ్బాలలో ఊరూర దిగినది. నూనె అయిపోయినపిమ్మట డబ్బాకు అసలు జీవితము ఆరంభమయ్యెను. పైన కొయ్య బిగించిన నీళ్లు మోయు బిందె; మూత పెట్టిన పప్పుల పెట్టె; విప్పి సాగదీసిన తడికకు రేకు. సిరాబుడ్డి మూతకు తూటు పొడిచి వత్తి ఎక్కించిన చదువుకొను దీపము. పరదేశపు సరకు మన యింట కొత్త పుట్టుక పుట్టినది.

కాగితముల కథయు అట్టిదే. వార్తాపత్రికలును పాత లెక్కపుస్తకములును ఇంట చేరినతోడనే వానితో బుట్టలు చేయుట ఆడువారు కనిపెట్టిరి. ఆ విధము నేటికిని చేసికొనదగినది గనుక వివరించెదము. పాతకాగితములను చిన్న చిన్న ముక్కలుగా చింపి రెండు మూడు దినములు నీటిలో నాననిచ్చి, నీరు పిండి, నానిన మెంతులతో కలిపి రోటిలో మెత్తగా రుబ్బవలెను. మెంతిజిగురు గుజ్జును పట్టి యుంచును. మెంతి చేదు పురుగును దూరముగ నుంచును. ఒక కుండను బోర్లించి పలుచని తడిగుడ్డ కప్పి, దానిపై గుజ్జును సమముగా మెత్తి, చేతితో నునుపు చేసి ఎండలో పెట్టవలెను. పూర్తిగా ఎండినపిమ్మట కుండనుండి విడదీసినచో బుట్ట సిద్ధము. అంచునకు రంగుకాగితము అంటించినచో పిల్లలకు సంతోషము. నీరు తగులనంతవరకు, పిండికిని పప్పులకును ఇంతకంటె తేలికయైన పాత్ర లేదు. పుంగనూరు ప్రాంతపు ఒక యింట ఇట్టి బుట్టను మేము చూచితిమి. పగిలినచోట మరల గుజ్జు మెత్తి అతికియున్నారు. బుట్టకు అతుకు వేయుట కొత్తది కొనుటకంటె సులభమని ఆ యింటి అవ్వ నవ్వుచు చెప్పినది.

పుంగనూరనగానే ఆవు. పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుండి 90 సెంటీమీటర్లు మాత్రమే. పాలు కొలతకు తక్కువయైనను వెన్న శాతము ఎనిమిది వరకు నుండుననుట ప్రసిద్ధము. కొద్ది మేతతో, ఇంటి పెరటిలో, ఒక ఆడమనిషి సాకగల ఆవు ఇది. పాలు, నెయ్యి ఒకయెత్తు. అలుకుటకు, మెత్తుటకు, పిడకలకు పేడ మరియొకయెత్తు. పెద్ద జాతులతో సంకరము చేయు మోజులో ఈ జాతి నశించు స్థితికి వచ్చినది. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రము దీని రక్షణకు పూనుకొనవలసి వచ్చినది. చిన్నదియని త్రోసివేసినదానిని మరల వెదకుకొనవలసి వచ్చుటకు ఇది మంచి పాఠము.

పట్టుపని ఈ మూడు ఊళ్లకును ఉమ్మడి. పదునెనిమిదవ శతాబ్దిచివర టిప్పు సుల్తాను మైసూరు సీమలో ప్రోత్సహించిన పట్టుపురుగుల పెంపకము కాలక్రమమున ఇటు వ్యాపించినది. పురుగు గూడు కట్టు వేళ దానికి ‘చంద్రిక’ కావలెను. వెదురుచాపపై వెదురుపట్టీని సుడులుసుడులుగా నిలిపి కట్టినదే చంద్రిక. ఇంటింట మల్బరీ ఆకు కోయుట పిల్లలది, మేపుట తల్లిది, గూళ్లు ఏరుట అందరిది. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో మగ్గము ముందు కూర్చుండువాడు ఒక్కడే అయినను, పోగు సిద్ధము చేయు చేతులు ఇంటిల్లిపాదివి. చీర వెలలో ఆ చేతుల కూలి విడిగా లెక్కింపబడుట అరుదు.

ఈ ఇండ్లను బాగుచేయవలెనని బయటినుండి వచ్చిన ఉద్యమములను గూడ చూడవలెను. 1917లో అడయారులో స్థాపింపబడిన భారత మహిళా సంఘమునకు మదనపల్లె అనుభవము ఒక మెట్టు. ఆ సంఘపు శాఖలు చదువుతోపాటు కుట్టుపని, ప్రథమచికిత్స నేర్పినవి. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టుటకు కజిన్స్ ముఖ్యులలో ఒకరైరి. ఆ సభ పూనికతోనే 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల గృహవిజ్ఞాన బోధనకై వెలసినది. 1934లో వార్ధాలో గాంధీజీ స్థాపించిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘమున జె. సి. కుమారప్ప పరిశ్రమించిరి; అచ్చట కిరసనాయిలునకు బదులు గానుగనూనెతో వెలుగు ‘మగన్ దీపము’ రూపొందినది.

పాతదంతయు మేలని మేము చెప్పుట లేదు. వంటింటి పొగను తలంపుడు. ఆ మట్టిపొయ్యి ముందు తరతరముల తల్లుల కన్నులు మసకబారినవి, రొమ్ములు దగ్గినవి. దీనిని గుర్తించి హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్. పి. రాజు పొగరాని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకమును ప్రకటించిరి. అందలి నేర్పు ఏమనగా, అది ఇనుముతో గాక మట్టితోనే కట్టబడునది. ఒకే మంట వరుసగా ఉన్న కుండల క్రింద సాగి, మిగిలిన వేడి నీళ్లకాగునకు చేరి, పొగ గొట్టముగుండ బయటికి పోవును. అయినను పలుచోట్ల ఇట్టి పొయ్యిలు నిలువలేదు. కొలతలు తప్పి కట్టినచో మంట సాగదు. గొట్టము మసి పట్టినచో పొగ మరల ఇంటిలోనికే వచ్చును. కట్టి యిచ్చి పోయినవారు బాగుచేయు విధమును ఇల్లాలికి నేర్పకపోయినచో మంచి యూహయు మూలబడును. తుదకు 1999లో ఆరంభమైన ‘దీపము’ పథకము వంటి వానిచే గ్యాసుపొయ్యిలు వచ్చి పెక్కు వంటిండ్ల పొగను తగ్గించినవి. వానిని మనము నిండుమనసుతో ఆహ్వానింపవలెను.

ఇల్లు ఎరిగినదానినుండి మొదలిడిన ప్రయత్నములు ఎట్లు నిలుచునో మదనపల్లె సమీపమున నున్న ఋషివ్యాలీ చూపినది. జిడ్డు కృష్ణమూర్తి విద్యాసంస్థకు చెందిన గ్రామీణ విద్యాకేంద్రము చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు నడపి, అట్టముక్కల చీటీలు, గుడ్డబొమ్మలు, పల్లెకథలతో చదువు చెప్పు విధానమును రూపొందించినది. ఆ విధానము రాష్ట్రపు ఎల్లలు దాటినది. 1999లో ఏర్పడిన అగస్త్య సంస్థ కుప్పము చెంత విస్తారమైన ఆవరణములో, తక్కువ వెలకు దొరకు సామాను లతో శాస్త్రప్రయోగములను చేయించి బడిపిల్లలకు చూపుచున్నది. రేకుడబ్బాను బిందెగా మార్చిన అవ్వ బుద్ధియు, ఖాళీ సీసాతో గాలి ఒత్తిడిని చూపు పంతులు బుద్ధియు ఒకే కొమ్మ కాయలు.

నేడు ఈ బుద్ధికి పని లేదా? మదనపల్లె టమాటా మార్కెట్టును చూడుడు. 2023 జూలైలో కిలో ధర నూరు రూపాయలు దాటినది. ధర పడిపోయిన నెలలలో రైతు కోతకూలి కూడ రాక కాయలను పారబోయుటయు మనము చూచినదే. టమాటాలను చక్రములుగా కోసి, ఉప్పు చల్లి, పలుచని గుడ్డ కప్పి మండుటెండలో గలగలలాడునట్లు ఎండబెట్టినచో వరుగు లగును. గాలి చొరని సీసాలో నెలలు నిలుచును. ఇంటి వరుగులు మార్కెట్టును నిలబెట్టలేవు, నిజమే. కాని చవకనాటి కాయ ప్రియమునాటి కూర కావలెననుట రాగిపాతర త్రవ్వినవారి ఆలోచనయే.

విస్తరాకు స్థానమున ప్లాస్టికు పళ్లెము, వెదురు చంద్రిక స్థానమున ప్లాస్టికు నేత్రిక వచ్చినవి. కొన్ని మార్పులు శ్రమను తగ్గించినవి, వానిని తప్పుపట్టరాదు. అయితే బొంత చిరిగిననాడు ఆ నేర్పును మరియొకరు నేర్చియున్నచో నష్టము లేదు. నేర్వకున్నచో బొంతతోపాటు నేర్పును పోవును. దానిని చూచి మరల కుట్టుటకు సంగ్రహాలయములోను నమూనా లేదు.

కావున శ్రోతలకు మా మనవి యొక్కటియే. ఈ రాత్రి రేడియో కట్టినపిమ్మట మీ యింటి అవ్వను చేరబిలిచి, ఆమె చిన్ననాట కందులకు మన్ను ఎట్లు పట్టించిరో, గుజ్జులో మెంతులు ఎన్ని వేసిరో అడుగుడు. చెప్పినది ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. ఆదివారమునాడు పిల్లలచేత చేయించుడు. మొదటి బుట్ట వంకరగా వచ్చును. రెండవది కుదురుగ నిలుచును.