ధమనుల కాఠిన్యం

ధమనుల కాఠిన్యం అనగా వయసుతో పాటు ధమనుల గోడలు సాగే గుణాన్ని కోల్పోయి బిరుసెక్కడం. గుండె నుండి శరీర భాగాలకు రక్తాన్ని చేరవేసే నాళాలే ధమనులు. నాళం లోపల కొవ్వు పేరుకొని దారి ఇరుకు కావడం వేరు, గోడ గట్టిపడడం వేరు. ఈ రెండూ తరచు కలిసి కనిపించినా ఒకటి కావు. పూడిక లేని ధమని సైతం బిరుసెక్కవచ్చును.

ధమని పనిచేసే తీరు

ధమనిని కేవలం గొట్టంగా భావించరాదు. ఎడమ జఠరిక సంకోచించిన ప్రతిసారీ సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బృహద్ధమనిలోకి వస్తుంది. అందులో కొంత వెంటనే ముందుకు పోగా, మిగిలినది సాగిన గోడల నడుమ నిలుస్తుంది. గుండె విశ్రమించే వేళ ఆ గోడలు ముడుచుకొని, నిలిచిన రక్తాన్ని ముందుకు నెడతాయి. హార్మోనియం తిత్తిని ఆగి ఆగి ఊదినా స్వరం తెగదు. లోపల ఉన్న రెండవ తిత్తి గాలిని నిలువచేసి సమంగా వదులుతుంది. బృహద్ధమని చేసే పని అదే. ఆంగ్లేయుడైన స్టీఫెన్ హేల్స్ 1733లో దీనిని ఆనాటి అగ్నిమాపక యంత్రాలలోని గాలిగదితో పోల్చాడు. 1899లో జర్మన్ శాస్త్రవేత్త ఆటో ఫ్రాంక్ ఈ భావనకు గణిత రూపం ఇచ్చాడు.

బిరుసెక్కడానికి కారణాలు

ధమని గోడలో మూడు పొరలు ఉంటాయి. పెద్ద ధమనుల మధ్యపొరలో రబ్బరు వలె సాగే ఎలాస్టిన్, తాడు వలె గట్టిగా ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తుల పోగులు ఉంటాయి. ఎలాస్టిన్ చాలవరకు బాల్యంలోనే తయారవుతుంది. పెద్దయ్యాక అరిగినదాని స్థానంలో కొత్తది దాదాపు రాదు. నిమిషానికి 70 స్పందనల లెక్కన బృహద్ధమని రోజుకు లక్ష సార్లకు పైగా, 60 ఏళ్ళలో 220 కోట్ల సార్లు సాగి ముడుచుకుంటుంది. ఇంత శ్రమకు పోగులు తెగగా, భారం కొల్లాజెన్ పై పడుతుంది. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, పొగత్రాగడం, అదుపులేని రక్తపోటు ఈ మార్పును త్వరితం చేస్తాయి.

రక్తపోటుపై ప్రభావం

గోడ సాగకపోతే గుండె సంకోచించినప్పుడు పీడనం మరింత పెరుగుతుంది, విశ్రమించినప్పుడు మరింత పడిపోతుంది. అందువలననే సుమారు 50 ఏళ్ళ తరువాత రక్తపోటులో పై అంకె పెరుగుతూ, కింది అంకె తగ్గుతూ ఉంటుంది. 120/80 ఉన్నవారిలో రెండింటి తేడా 40 కాగా, 160/70 ఉన్నవారిలో 90. ఈ తాకిడి మెదడు, మూత్రపిండాలలోని సన్నని నాళాలను దెబ్బతీస్తుంది. గుండె కండరానికి రక్తం ప్రధానంగా విశ్రాంతి దశలోనే అందుతుంది కనుక, కింది అంకె బాగా తగ్గడం కూడా మేలు కాదు.

వయసుకు నూరు కలిపితే వచ్చే అంకె వరకు రక్తపోటు సహజమేనని పెద్దలు చెప్పుకొనేవారు. ఇది ప్రమాదకరమైన లెక్క. అమెరికాలో 60 ఏళ్ళు, ఆ పైబడిన 4,736 మందిపై జరిగి 1991లో వెలువడిన షెప్ అధ్యయనంలో, పై అంకె మాత్రమే ఎక్కువగా ఉన్నవారికి మందులు ఇవ్వగా పక్షవాతం 36 శాతం తగ్గింది.

పరీక్షించే విధానాలు

మణికట్టు వద్ద తగిలే నాడి రక్తం యొక్క కదలిక కాదు, గోడ వెంబడి పరుగెత్తే పీడన తరంగం. అది రక్తం కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. గోడ ఎంత బిరుసైతే అంత వేగం. మోయెన్స్, కోర్టెవెగ్ అనే డచ్చి శాస్త్రవేత్తలు 1878లో ఈ సంబంధాన్ని సూత్రీకరించారు. నేడు మెడలోను, గజ్జలోను నాడిని గుర్తించి, తరంగం ఆ దూరాన్ని దాటే కాలాన్ని కొలుస్తారు. దూరం 50 సెంటీమీటర్లు అనుకుంటే, 0.08 సెకన్లలో దాటినపుడు వేగం సెకనుకు 6.25 మీటర్లు, 0.05 సెకన్లలో దాటితే 10 మీటర్లు. 10 మీటర్లకు మించితే బృహద్ధమని బిరుసెక్కినట్లు పరిగణించాలని 2012లో ఐరోపా నిపుణులు సూచించారు.

చీలమండ వద్ద పై అంకెను చేతి వద్ద పై అంకెతో భాగించడం మరొక సులభమైన పరీక్ష. ఫలితం 0.9 కి లోపు ఉంటే కాలి ధమనులలో పూడిక ఉన్నట్లు, 1.4 దాటితే ధమని పట్టీ ఒత్తిడికి లొంగనంత గట్టిపడినట్లు భావిస్తారు. మధుమేహం ఉన్నవారిలో ఈ రెండవ స్థితి పూడికను మరుగుపరచవచ్చును. అటువంటప్పుడు కాలి బొటనవేలి వద్ద పీడనాన్ని కొలుస్తారు.