పంపినవాడు, వెళ్లినవాడు: యూనిక్స్ నుంచి కడప బంగళా దాకా

విండోలో ఒక బటన్ ఉంది. నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకోవాలి. రెండు లైన్ల స్క్రిప్టు. కొత్తగా రాసేవాళ్లు చాలామంది పైథాన్‌లో ‘సబ్‌ప్రాసెస్’ తెచ్చుకుని ‘కాల్’ అని రాస్తారు. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది గానీ మన విండో బిగుసుకుపోతుంది. నోట్‌ప్యాడ్ మూసేదాకా ఏ బటనూ పలకదు. ‘కాల్’ తీసేసి ‘పీఓపెన్’ అని రాస్తే ఆ బాధ ఉండదు. టీసీఎల్‌లో అయితే ‘ఎగ్జెక్’ ఆజ్ఞ చివర ఒక యాంపర్‌సాండ్ గుర్తు చాలు. మనిషిని పనిమీద పంపి వాడొచ్చేదాకా వాకిట్లో కూచోవడం ఒక పద్ధతి, పంపేసి మన పని మనం చూసుకోవడం ఇంకో పద్ధతి. తేడా అంతే.

ఈ రెండో పద్ధతి కంప్యూటర్‌కు పుట్టుకతో రాలేదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 మీద యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు షెల్ చేసే పని విచిత్రంగా ఉండేది. మనం ఒక ఆజ్ఞ టైప్ చేస్తే, షెల్ ఆ ప్రోగ్రామును మెమరీలో తన మీదికే ఎక్కించుకునేది. అంటే తాను చెరిగిపోయి దానికి చోటిచ్చేది. ఆ పని ముగిశాక కొత్త షెల్‌ను మళ్లీ మొదటి నుంచి తెచ్చుకోవాల్సిందే. ఈ సంగతంతా డెన్నిస్ రిచీ 1979 నాటి వ్యాసంలో చెప్పాడు. తర్వాత బర్క్‌లీలోని జీనీ సిస్టమ్ నుంచి ‘ఫోర్క్’ అనే ఊహ వచ్చింది: ముందు నీలాంటి ఇంకొకణ్ని పుట్టించు, మారిపోయేది వాడు, నువ్వు కాదు. పీడీపీ-7 మీద దీనికి పట్టింది 27 లైన్ల అసెంబ్లీ కోడ్. వెనకాల పని నడిపించే యాంపర్‌సాండ్ కూడా దాంతోపాటే దాదాపు ఉచితంగా వచ్చేసింది.

ఒక చిక్కూ వచ్చింది. ఫోర్క్ పెట్టిన కొద్దిసేపటికే డైరెక్టరీ మార్చే ఆజ్ఞ పనిచేయడం మానేసింది. కారణం వెతికితే తేలింది: ఆజ్ఞ నడుస్తున్నది పిల్ల ప్రాసెస్‌లో. అది బుద్ధిగా తన డైరెక్టరీ మార్చుకుని చనిపోతోంది, తల్లి మాత్రం ఉన్నచోటే ఉంటోంది. పిల్లకు జరిగినది తల్లికి దానంతటదే చేరదు. చేరాలంటే మధ్యలో ఒక దారి వేయాలి. డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టి పెట్టించిన ‘పైప్’ అలాంటి దారే. 1983లో వచ్చిన డాస్ 2.0 కూడా ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోటి నడిపించేది గానీ, పిల్ల ముగిసేదాకా తల్లి చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు కడప గుర్తొస్తుంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి, మళ్లీ కడప, మద్రాసు. కంపెనీ ఉద్యోగిది బదిలీల బతుకు. పగలు కచేరీ, ఫైళ్లు, తీర్పులు. తాళపత్రాలు వెతికించడం, ప్రతులు పోల్చడం, పాఠాలు సరిచేయడం ఒక్క మనిషి ఖాళీ వేళల్లో చేసే పని కాదు. అందుకే కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకున్నాడు. దాన్ని చూసుకున్నవాడు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. దొర కచేరీ మూయలేదు, బంగళాలో పనీ ఆగలేదు. 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చులోకి వచ్చాయంటే వెనకాల ఇలాంటి పని నడుస్తూ ఉండబట్టే.

పోలిక ఇంతవరకూ ముచ్చటగానే ఉంది. ఇక్కడి నుంచే కొంచెం గుచ్చుకుంటుంది. ప్రాసెస్‌కు జీతం అక్కర్లేదు, ఆకలి వేయదు. బంగళా నడపడానికి బ్రౌన్ అప్పులపాలయ్యాడు. ఇటు పండితులకు అదే బతుకుతెరువు. అయినా టైటిల్‌బార్ మీద తల్లి పేరే ఉంటుంది. నిఘంటువు మనందరికీ ‘బ్రౌణ్యం’. వసుచరిత్ర, మనుచరిత్రల మీద కష్టపడిన జూలూరి అప్పయ్య, మచిలీపట్నంలో తోడ్పడిన వఠ్యం అద్వైత బ్రహ్మయ్య ఎందరికి తెలుసు?

యూనిక్స్‌లో పని పూర్తిచేసినా, తల్లి వచ్చి ఫలితం అడగని పిల్లను ‘జాంబీ’ అంటారు. పని అయిపోయింది, పట్టికలో పేరు మాత్రం మిగిలి ఉంటుంది. బ్రౌన్ పరిష్కరింపజేసి కూడా అచ్చు వేయించలేకపోయిన కావ్యాలు అలాంటివే. తల్లే ముందు పోతే పిల్ల ‘అనాథ’ అవుతుంది. అప్పుడు సిస్టమ్‌లో అన్నిటికన్నా ముందు పుట్టిన ‘ఇనిట్’ దాన్ని దత్తత తీసుకుంటుంది. బ్రౌన్ 1855లో ఇండియా వదిలి వెళ్లాడు. ఆయన సేకరించిన ప్రతులను మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయం చేరదీసింది. కడప బంగళా శిథిలమైంది. చాలా ఏళ్ల తర్వాత జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ఊరంతా తిరిగి, నలుగురినీ కూడగట్టి, ఆ స్థలంలోనే బ్రౌన్ పేరుతో గ్రంథాలయం లేపారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం నీడలో ఉంది. దత్తత ఆలస్యమైంది గానీ జరిగింది.

పండితుల పేర్లు అసలు మిగిలాయంటే దానికీ ఒక కారణం ఉంది. బ్రౌన్ తనకు వచ్చిన ఉత్తరాలు పారేయలేదు. జీతం అందలేదనో, ఫలానా ప్రతి దొరికిందనో, ఈ పాఠం తప్పనో రాసుకున్న కాగితాలు. అవే ఆనాటి పైపులు. తర్వాత బంగోరె వాటిని తవ్వి తీసి పుస్తకం చేశాడు గనక, టైటిల్‌బార్ వెనక ఎవరు పనిచేశారో మనకు కొంతైనా తెలుస్తోంది.

పీఓపెన్ కూడా ఊరికే పోదు. వెళ్లిన ప్రాసెస్ గుర్తును మన చేతిలో పెట్టి పోతుంది. చాలా స్క్రిప్టుల్లో దాన్ని ఏ వేరియబుల్‌లోనూ దాచుకోరు. విండో బిగుసుకోలేదు కదా, పని అయింది కదా అనుకుంటారు. కానీ తర్వాత ఎవరైనా వచ్చి ఆ వెళ్లినవాడు ఏమయ్యాడు, పని ముగించాడా, మధ్యలో పడిపోయాడా అని అడిగితే చెప్పడానికి ఉండేది ఆ గుర్తొక్కటే. ఒక లైను ఎక్కువైనా సరే, రాసిపెట్టుకోవాలి.