కాణాచి
గ్రీసులో ఇల్లు కొంటే నివాస అనుమతి వస్తుందని చెప్పే ఓ ప్రకటనలో ‘ఏథెన్సులో మీ కాణాచి’ అన్న మాట చూసి ఆగిపోయాను. కాణాచికి మూలం తమిళంలోని ‘కాణియాట్చి’. ‘కాణి’ అంటే భూమి మీది హక్కు, ‘ఆట్చి’ అంటే ఏలుబడి. రెండూ కలిస్తే వంశపారంపర్యంగా అనుభవించే భూమి హక్కు. తెలుగులో అది తరతరాల నివాసస్థానమైంది. ‘కళలకు కాణాచి’ అంటున్న ఈ రోజుల్లో నెలవన్న అర్థమే మిగిలింది. అరబ్బీ మూలం నుంచి వచ్చిన ‘మిరాసి’ దీనికి అర్థంలో దగ్గరి చుట్టం. అదీ వారసత్వపు హక్కే. మరి గ్రీసు ఇస్తున్నదేమిటి? 2013లో ఈ పద్ధతి మొదలైనప్పుడు 2.5 లక్షల యూరోల ఆస్తి సరిపోయేది. 2024లో మారిన నిబంధనలతో ఏథెన్సు ప్రాంతంలో అది 8 లక్షలకు చేరింది. చేతికొచ్చే కార్డు గడువు 5 ఏళ్లు. ఇల్లు అట్టే పెట్టుకుంటేనే పొడిగిస్తారు. అమ్మేస్తే ఆ హక్కూ పోతుంది. స్పెయిన్ అయితే 2025 ఏప్రిల్‌లో ఈ దారినే మూసేసింది. గడువూ షరతులూ ఉన్నదాన్ని ‘నివాస అనుమతి’ అనడమే న్యాయం. ఉన్నదంతా ఊడ్చిపెట్టే కుటుంబానికి తాను కొంటున్నదేమిటో ముందే తెలియాలి.