పసుల పోలిగాడి కూత

రెడ్డిగూడెం వైపు మామిడి తోటల మధ్య బీళ్లలో గేదెలు మేస్తుంటే, వాటిలో ఒకదాని వీపు మీద నల్లటి పిట్ట కూర్చుని కనిపిస్తుంది. తోక చివర రెండు పాయలు. గేదె అడుగుకు బెదిరి లేచిన మిడతను గాలిలోనే పట్టి మళ్లీ వీపెక్కుతుంది. కొందరికి ఇది ఏట్రింత, కొందరికి పసుల పోలిగాడు. పసులంటే పశువులు. పోలిగాడు పల్లెల్లో ఒకప్పుడు మామూలుగా వినిపించిన పేరు. మందతో తిరిగే పిట్టకు మందకాడి పేరే పెట్టేశారన్నమాట.

నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్, 1862-64లో వెలువడిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో ఈ తెలుగు పేరునూ ఎక్కించాడు.

పోలిగాడు మహా పౌరుషవంతుడు. గూటి దరిదాపులకు కాకి వచ్చినా డేగ వచ్చినా వెంటపడి తరుముతాడు. ఆ దర్జా చూసే హిందీవాళ్లు ‘కొత్వాల్’ అన్నారు. గువ్వలు, పికిలిపిట్టలు ఏరికోరి అదే చెట్టు మీద గూళ్లు కట్టుకుంటాయి. కాపలా ఖర్చు లేదు. కూత వినిపించినప్పుడు చెవి ఒగ్గితే చాలు.

పక్కజాతి కేకను పొంచి విని ప్రాణం కాపాడుకోవడం అడవిలో పాత అలవాటే. కొండముచ్చు చెట్టు కొన మీంచి దూరం చూస్తుంది. కింద దుప్పి వాసన పడుతుంది. పులి జాడ ఎవరికి ముందు తెలిసినా రెండో జాతి బయటపడుతుంది. పైగా కొండముచ్చులు తుంచి పడేసిన ఆకులు దుప్పులకు మేత. మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవిలో ఈ చెలిమిని గమనించిన పాల్ న్యూటన్ 1989లో దానిపై పరిశోధనా వ్యాసం ప్రచురించాడు. దక్షిణాది కోతులకు కొండముచ్చు కేకలు, కణుజు అరుపులు రికార్డు చేసి వినిపిస్తే అవీ ఉలిక్కిపడ్డాయని 2000లో మరో అధ్యయనం చెప్పింది.

శాస్త్రవేత్తలు టేపులు పట్టుకు రాకముందే నల్లమల చెంచులకు ఈ విద్య తెలుసు. వేటకైనా తేనెకైనా అడవిలోకి వెళ్లేవాడికి, కణుజు ఒకచోటే నిలబడి పదేపదే అరుస్తోందంటే అటు అడుగు వేయకూడదన్న కబురు అందినట్టే. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో టైగర్ ప్రాజెక్టు కిందికి వచ్చింది. ఆ తర్వాత అటవీశాఖ కాపలా పనుల్లో చెంచులను పెట్టుకుంది. తాతలు ప్రాణం దక్కించుకోవడానికి విన్న అరుపులు మనవలకు పులి ఆచూకీ చెప్పే ఆధారాలయ్యాయి.

తీతువు కథ వేరు. ఈ పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది కాబట్టి నక్క నడిచినా మనిషి నడిచినా రాత్రి పగలు లేకుండా గోల చేస్తుంది. ఆ గోలకు చుట్టుపక్కల జంతువులన్నీ జాగ్రత్త పడతాయి. చేతికి చిక్కాల్సిన జంతువు పారిపోయిందని వేటగాళ్లు దాన్ని తిట్టుకునేవారు. ఊళ్లో మాత్రం నడిరేయి తీతువు కూస్తే కీడన్నారు. చీకట్లో ఎవరో కదులుతున్నారన్న వార్త శకునంగా మారిందేమో!

వినేవాళ్లున్న చోట అబద్ధాలాడేవాళ్లూ ఉంటారు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో పోలిగాడి చుట్టమొకటి ఉంది. వేరే జంతువులు పురుగును పట్టగానే అది దొంగ కేక వేస్తుంది. అవి భయపడి పరుగెత్తితే పురుగును ఎత్తుకుపోతుంది. ఒక కేకకు మోసపోవడం మానేస్తే ఇంకో జాతి గొంతు అందుకుంటుందని టామ్ ఫ్లవర్ బృందం 2014లో వెల్లడించింది. దాని తిండిలో దాదాపు నాలుగో వంతు ఇలా కాజేసిందేనట.

తెలుగు రైతూ ఈ కిటుకు వాడుతున్నాడు. కోతుల బెడద ఉన్న చేలలో కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీలు కడుతున్నాడు, రికార్డు చేసిన అరుపులు మైకులో వేస్తున్నాడు. నాలుగు రోజులు కోతులు దూరంగా ఉంటాయి. ఐదో రోజు మైకు కింద కూర్చుని కాయలు కొరుకుతాయి.