కొండెం విన్న చెవి: పాలకుర్తి శైవకథ, యూదుల ధర్మశాస్త్రం

పాత వరంగల్ జిల్లాలోని తొర్రూరుకు పొరుగునున్న పాలకుర్తి, బమ్మెరల సాహిత్య సంప్రదాయంలో నింద చెప్పినవానికే కాక విన్నవానికీ అంటే దోషం. బమ్మెరవాసులు తమవాడని చెప్పుకొనే పోతన తెనిగించిన భాగవత చతుర్థ స్కంధంలో, సతీదేవి శివనింద విని ఊరుకోరాదని చెప్పి, శివుని నిందించిన తండ్రి వల్ల కలిగిన దేహాన్నే భరించలేక యోగాగ్నికి ఆహుతి చేస్తుంది. అయితే ఇక్కడ విన్నవారి బాధ్యత దైవభక్తి నుండి పుట్టినదే గాని, సాటి మనిషి పరువు నుండి పుట్టినది కాదు.

సాటి మనిషి పక్షం వహించినది యూదుల ధర్మశాస్త్రం. శైవ సంస్కర్త బసవన్నకు సమకాలికుడైన యూదు ధర్మవేత్త మైమొనిడీస్ (1138–1204) తన ధర్మసంహితలో చాడీలు మోయడాన్ని, నిజమే అయినా ఎదుటివానికి హాని చేసే మాటను, అబద్ధపు అపవాదును మూడు వేర్వేరు దోషాలుగా విడదీశాడు. రెండవదానికి హీబ్రూలో ‘లషోన్ హరా’, అనగా చెడ్డ నాలుక, అని పేరు. అది చెప్పినవానిని, నమ్మినవానిని, ఎవరిని గురించి చెప్పారో వానిని ముగ్గురినీ చంపుతుందని ఋషితుల్యులైన పూర్వపు రబ్బీలు, అనగా ధర్మబోధకులు, అన్న మాటను ఉదాహరిస్తూ, చెప్పినవాని కంటే నమ్మినవానికే ఎక్కువ కీడని అతడు తేల్చాడు.

ఇక పాలకుర్తి వైపు చూస్తే, అక్కడి కవి పాలకురికి సోమనాథుని బసవపురాణంలో, మంత్రి బసవన్న భండారాన్ని జంగములకు, అనగా సంచార శివభక్తులకు, దోచిపెడుతున్నాడని కొందరు కల్యాణ ప్రభువు బిజ్జలునికి కొండెములు చెప్పగా, లెక్కించి చూస్తే ధనం తరగకుండా ఉంటుంది. కవి దీనిని శివమహిమగా చెప్పి ముగిస్తాడు. ధర్మశాస్త్రం మాత్రం ఇక్కడ ఆగదు. ధనం నిజంగానే తరిగి ఉంటే ఆ మాట చెప్పదగినదేనా? ‘హఫెత్స్ హయీమ్’ పేరిట 1873లో వెలువడిన గ్రంథంలో రబ్బీ ఇస్రాయెల్ మేయిర్ కగాన్, నష్టం ఆపడానికి నోరు విప్పవచ్చునంటూనే, సంగతిని స్వయంగా నిర్ధారించుకోవాలని, పెంచి చెప్పరాదని, పగతో చెప్పరాదని కట్టడి చేశాడు. ఆ లెక్కన కొండెగాండ్ల తప్పు రాజుతో మాట్లాడడం కాదు, భండారం చూడకుండా మాట్లాడడం. విన్నవాడు నమ్మరాదు గాని జాగ్రత్తపడి విచారించవచ్చునని తల్ముద్, అనగా రబ్బీల చర్చల సంకలనం, అనుమతిస్తుంది గనుక, శైవకవి ప్రతినాయకునిగా చిత్రించిన బిజ్జలుడు, శిక్షకు ముందు లెక్క అడిగిన ఈ ఒక్క ఘట్టంలో, రబ్బీల దృష్టికి నిర్దోషిగానే నిలుస్తాడు.