కారుని తోసినవాళ్ళు

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా ఇంటికి ఒకాయన వచ్చారు. హైదరాబాదులో ఉంటారట. పాత కార్లంటే ప్రాణమట. మేం 2001లో అమ్మేసిన ప్రీమియర్ పద్మిని నాలుగైదు చేతులు మారి చివరికి ఆయన దగ్గరికి చేరింది. 1975 మోడలు. ఇంజను విప్పించి, తుప్పు గీకించి, పాత హెడ్‌లైటు రింగుల కోసం రెండేళ్ళు ఊళ్ళు తిరిగి, మొత్తానికి దాన్ని మళ్ళీ రోడ్డెక్కించారు. ఇప్పుడు దాని చరిత్ర రాసుకుంటున్నారు. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆయన ఫోటో ఒకటి, కారుతో ఉన్నది దొరుకుతుందేమోనని వచ్చారు.

కాఫీ తాగుతూ అమ్మని అడిగారు. "సార్ దీన్ని ఎలా చూసుకునేవారమ్మా?"

అమ్మ కాసేపు ఆలోచించి, "ఆయన స్టీరింగు దగ్గర కూర్చునేవారు బాబూ. నేనూ పిల్లలూ వెనకనుంచి తోసేవాళ్ళం" అంది.

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

నిజమే మరి. నాన్న ఆ కారుని 1993లో సెకండ్‌హాండులో కొన్నారు. దాని బ్యాటరీ ఎప్పుడూ అంతంతమాత్రమే. పొద్దున్నే సెల్ఫ్ కొడితే రెండుసార్లు మూలిగి ఊరుకునేది. అప్పుడు అమ్మ వంట మధ్యలో వదిలేసి, కొంగు దోపుకుని వచ్చేది. డిక్కీకి ఎడమపక్క అమ్మ, కుడిపక్క అన్నయ్య, మధ్యలో నేను. కాలవగట్టు వాలు దాకా తోస్తే అక్కడ నాన్న క్లచ్ వదిలేవారు. ఒకసారి కారు గుంజుకుని ముందుకి దూకితే అమ్మ బోర్లాపడింది. మోకాలి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నాన్న చెడ్డమనిషేం కాదు. దిగి వచ్చి చూడాలంటే ఇంజను ఆగిపోతుందని భయం, అంతే. డ్రైవింగ్ నేర్చుకుంటానని అమ్మ ఒకసారి అడిగితే మాత్రం, ఆడవాళ్ళకి క్లచ్ మీద అదుపుండదన్నారు. ఎనిమిదేళ్ళు ఆ క్లచ్ వదిలే క్షణాన్ని వెనకనుంచి ఒంటితో కనిపెట్టి తప్పుకున్న మనిషితో అన్నమాట అది.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, కార్ల గురించి నాకేం తెలుసు? కానీ ఆ రోజునుంచి పాత కార్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒకటే ప్రశ్న. ఈ కారుని ఎవరు తోశారు?

పాత కార్ల ప్రేమికులకి తేదీల పట్టింపు ఎక్కువ. బ్రిటన్ లెక్క ప్రకారం 1905కి ముందువి వెటరన్, 1919 నుంచి 1930 దాకా తయారైనవే అసలైన వింటేజ్. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనలు యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులకి గురికాని వాహనాన్ని వింటేజ్ అన్నాయి. నంబరు ప్లేటు మీద 'వి.ఎ.' అక్షరాలుంటాయి. ప్రదర్శనకో ర్యాలీకో తీయవచ్చు గానీ రోజువారీ పనులకి వాడకూడదు. అంటే చాకిరీ నుంచి విముక్తి పొందినప్పుడే గౌరవం. మనుషుల్లో ఆడవాళ్ళకి ఆ వెసులుబాటు కూడా లేదు, యాభై దాటాక మనవల పెంపకం మొదలవుతుంది.

విముక్తి అంటే గుర్తొచ్చింది. ఏటా నవంబరులో లండన్ నుంచి బ్రైటన్ దాకా వెటరన్ కార్లు బారులు తీరి వెళతాయి. దానికి మూలం 1896 నవంబరు 14న జరిగిన యాత్ర. మోటారు బండి ముందు ఒక మనిషి నడవాలన్న పాత చట్టం పోయి, గంటకి 14 మైళ్ళ వేగానికి అనుమతి వచ్చిన రోజది. ఆ సంబరంలో ఒక ఎర్రజెండాని చించారు. ఆ యాత్రకి వాళ్ళు పెట్టుకున్న పేరు విమోచన యాత్ర! ఆ దేశంలో స్త్రీలలో కొందరికైనా పార్లమెంటు ఓటు రావడానికి ఇంకా 22 ఏళ్ళు పట్టింది. మగవాళ్ళ యంత్రాలకి ముందు విమోచన దొరికింది.

ఇక బెర్తా బెంజ్ కథ. కార్ల మీద ప్రేమున్న వాళ్ళందరికీ ఇది తెలుసు, కానీ ఎలా తెలుసన్నది ముఖ్యం. 1871లో, పెళ్ళికి ఏడాది ముందే, బెర్తా తన కట్నం డబ్బు ముందుగా తీసుకుని కార్ల్ బెంజ్ వ్యాపారంలో పెట్టింది. చిక్కుల్లో ఉన్న అతను భాగస్వామి వాటా కొనుక్కుని నిలదొక్కుకున్నది ఆ డబ్బుతోనే. 1886 జనవరిలో మోటారు బండి పేటెంటు కార్ల్ పేరునే వచ్చింది. బండి తయారైంది గానీ కొనేవాళ్ళు లేరు. గుర్రం లేని బండిని నమ్మేదెవరు? 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకి చెప్పకుండా, 39 ఏళ్ళ బెర్తా కొడుకులిద్దరినీ తీసుకుని ఆ మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు, మనకి గుంటూరు నుంచి ఒంగోలు అనుకోండి. అప్పటిదాకా మోటారు బండి మీద అంతదూరం ఎవరూ వెళ్ళలేదు.

దారిలో ఇంధన గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. తీగ ఒరుసుకుపోతే మేజోళ్ళు నిలిపే పట్టీతో దాన్ని కాపాడింది. ఏ వ్యాసం తిరగేసినా ఈ పిన్నూ పట్టీ తప్పకుండా ఉంటాయి. ఆడదాని సింగారం సామాను అక్కరకొచ్చిందని రాసేవాళ్ళకి ముచ్చట. ఆ ఉత్సాహంలో మిగతావి వెనకబడతాయి. వీస్‌లోక్ ఊళ్ళో మందుల దుకాణంలో మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రావకాన్ని అడిగి కొని, దాన్నే ఇంధనంగా పోసింది. బ్రేకుల చెక్కదిమ్మలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆపి వాటికి తోలు కొట్టించింది. ఈనాటి బ్రేకు లైనింగుకి ఆద్యం అదే. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మొరాయించింది, దిగి తోయాల్సి వచ్చింది. తిరిగొచ్చాక ఇంకో గేరు కావాలని కుటుంబం చెప్పింది, కార్ల్ అమర్చాడు. తోసినవాళ్ళు తిరిగొచ్చి చెప్పిన మాట యంత్రంలోకి వెళ్ళిన అరుదైన సందర్భం. మా ఇంట్లో అలాంటిది జరగలేదు, కొత్త బ్యాటరీ ఎప్పుడూ వచ్చే నెలే.

ఆ దారిని 2008లో బెర్తా బెంజ్ స్మారక మార్గంగా గుర్తించారు. సంతోషమే. 1909లో న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 59 రోజుల్లో మాక్స్‌వెల్ కారు నడిపిన 22 ఏళ్ళ ఆలిస్ రామ్సే, అదే ఏడాది తన పుస్తకంలో వెనక వచ్చేవాళ్ళని చూడటానికి చేతి అద్దం పెట్టుకోమని ఆడవాళ్ళకి సలహా ఇచ్చిన డోరతీ లెవిట్ కూడా చరిత్రలో ఉన్నారు. కానీ ఎక్కడ? 'ఆసక్తికర విశేషాలు' అనే చిన్న పెట్టెలో.

సెల్ఫ్ సంగతి కూడా చెప్పాలి. 1912 కాడిలాక్ కార్లతో విద్యుత్ స్టార్టరు వాడుకలోకి వచ్చింది. అంతకుముందు హ్యాండిల్ తిప్పాలి, అది ఎదురుతన్ని చేతులు విరిగేవి. విరిగినవి ఎక్కువగా మగవాళ్ళ చేతులే. అయినా స్టార్టరుకి మాత్రం ఆడవాళ్ళ సౌకర్యం అనే ముద్ర పడింది.

మళ్ళీ మా పద్మిని దగ్గరికి వస్తాను. ఇటలీ ఫియట్ 1100ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారుచేశారు. 1970లలో దానికి చిత్తోడు రాణి పేరు పెట్టారు. మన కావ్యాలు చదివినవాళ్ళకి పద్మినీజాతి స్త్రీ వర్ణనలు కూడా తెలుసు. ఒక యంత్రానికి ఆ పేరు పెట్టాక మాటలు వాటంతటవే వస్తాయి. ఆయన ఫోనులో ఫోటోలు చూపిస్తూ 'ఒరిజినల్ బాడీ', 'చెయ్యి పడని ఇంజను', 'ఎన్ని చేతులు మారినా అందం తగ్గలేదు' అంటుంటే నాకు పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టుంది. అయినా ఆయన మీద కోపం రాలేదు. అరిగిన బుష్ గురించి ఆయన చెప్పే తీరులో ఓపిక ఉంది, దయ ఉంది. రేకు సాపు చేసిన టింకరింగ్ మేస్త్రీ పేరు అడిగితే కొంచెం తడుముకున్నారు, అంతే.

చౌమహల్లాలో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం కోసం చెప్పి చేయించిన 1912 మోడలు. కారు రాకముందే, 1911లో ఆయన పోయారు. వందల మైళ్ళకి మించి తిరగని కారు గనక అంత నిగనిగలాడుతూ మిగిలింది. బొంబాయి వీధుల్లో లక్షల మందిని మోసిన పద్మిని టాక్సీలకి 2023 అక్టోబరుతో కాలం చెల్లింది. వాటిలో చాలావరకు తుక్కు కిందే పోయాయి.

ఉగాది తర్వాత అమ్మ హైదరాబాదు వస్తే ఆయన ఇంటికి పిలిచారు. షెడ్డులో కారు తెల్లగా మెరుస్తోంది. గోడకి నాన్న ఫోటో. అమ్మ ఫోటో చూసింది, తర్వాత తిన్నగా కారు వెనక్కి వెళ్ళి డిక్కీ ఎడమపక్క అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడ రంగు పోయి ఉండాలే బాబూ?"

"ఉండేదమ్మా. మొత్తం గీకించి కొత్తగా వేయించాను" అన్నారాయన సంబరంగా.

అమ్మ చెయ్యి తియ్యలేదు. కాసేపాగి, "ఇప్పుడు తొయ్యక్కర్లేదా?" అని అడిగింది.

"సెల్ఫ్ కొడితే చాలమ్మా."

"నేను కొట్టనా?"

ఆయన నా వైపు చూశారు. తర్వాత తాళం ఇచ్చారు. అమ్మ ముందుసీట్లో, స్టీరింగు వెనక, మొదటిసారి కూర్చుంది. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో ఊపి చూసింది. ఎవరూ చెప్పకుండానే చోక్ లాగింది. రెండోసారికి ఇంజను అందుకుంది. చాలాసేపు దిగలేదు.